ఓబులేసు పేరు - అహోబలపు కోన



మన ఆదవాని, ఎమ్మిగనూరు సీమలలో ఓబులేసు, ఓబులమ్మ, ఓబుళరెడ్డి యను పేళ్లు లేని గ్రామ మరుదు. నేను బడిపంతులుగా నున్న కాలమున ఒక్క ఓబులేసైనను లేని తరగతి నాకు తటస్థింపలేదు. ఇటీవల కొందఱు ఇది మోటు పేరని తలంచి, పిల్లలను బడిలో చేర్చునపుడే మార్చివేయుచున్నారు. అది యెచటినుండి వచ్చెనో యెఱిగినచో నట్లు చేయరని నా నమ్మకము.

మనకు తూర్పుగా ఎఱ్ఱమలలు దాటి, కుందేటి మైదానమును గడచినచో నల్లమల కనబడును. ‘మల’ యనగా కొండ. కొండల నడుమ నీరును, చెట్లును గల పల్లపుచోటు ‘కోన’. అట్టి కోనలలో నెన్నదగినది అహోబిలము. గరుడాద్రి వేదాద్రుల నడుమ భవనాశిని పాఱుచుండును. టేకు, ఏగిస, నల్లమద్ది, వెదురు పెరుగు నా యడవిలో నవ నృసింహుల స్థానములు కలవు. కర్నూలు జిల్లాలో నుండిన యీ క్షేత్రము 2022లో నంద్యాల జిల్లాలో చేరినది.

పేరునకు రెండు కథలు చెప్పుదురు. నరసింహుని పరాక్రమమును గాంచి దేవతలు ‘అహో బలము!’ అనిరని యొకటి. గరుత్మంతుడు తపము చేసి, గుహలో స్వామిని దర్శించి ‘అహో బిలము!’ అనెనని రెండవది. రెండును భక్తులకు పూజ్యములే. అయినను పాత శాసనములందు, గ్రంథములందు ‘అహోబలము’, ‘ఔభళము’ అను రూపములు కానవచ్చును. పదునేడవ శతాబ్దపు వైయాకరణుని వ్యాఖ్యకును ‘అహోబలపండితీయము’ అనియే పేరు.

ఇక పల్లెనోటి సాక్ష్యము వినుడు. ‘అహో’ కుదించుకొని ‘ఓ’ అయినది. ‘బల’ లోని అకారము నలిగి ‘బుల’ అయినది. మన ‘ఆదవాని’ నలిగి ‘ఆదోని’ కాలేదా? ‘బిలము’ మూలమైనచో ‘ఓబిలేసు’ అని యుండవలయును. అట్టి పేరు నే నెన్నడును వినలేదు. నేడు చదివినవారు ‘అహోబిలము’ అని వ్రాయుచుండగా, చదువురాని రైతు పాత ‘బలము’ను తన బిడ్డ పేరిట కాపాడినాడు.

ఈ కోనను తిరుమంగై యాళ్వారు తమిళమున కీర్తించెను. 1515లో కృష్ణరాయలు కళింగ దండయాత్ర నడుమ వచ్చి స్వామికి ఆభరణము లర్పించెను. 1579లో గోల్కొండ సైన్యము ఆలయమును కొల్లగొట్టగా, శ్రీరంగరాయల కాలమున అది మరల మనవారి వశమైనది. చెంచులు చెంచులక్ష్మిని తమ యాడుబిడ్డగను, ఓబులేసును అల్లునిగను నేటికిని భావింతురు. సంక్రాంతి పండుగ వేళ స్వామి పారువేటకు బయలుదేఱి, సుమారు నలువది దినములు చుట్టుపట్ల గ్రామములకు పోయి తన పెండ్లికి పిలుచును.

రాజు, చెంచు, రైతు, పండితుడు అందఱును పంచుకొన్న పేరిది. కొల్లకు చెడని పేరు మన సిగ్గుచేత చెడిపోరాదు. మీ మనుమనికి తాత పేరు పెట్టదలచిన నాడు, అది ఓబులేసైనచో, సంకోచింపక పెట్టుడు. దాని యర్థమును వానికి చెప్పుడు.