ఉలవలు ఎడ్లకు, చారు మనకా?

భద్రాచలం అడవి అంచున చర్ల, దుమ్ముగూడెం, గుండాల వైపు వారపు సంతకు వెళితే ఒక వింత కనబడుతుంది. పొద్దున నాటుకోడిని చంకన పెట్టుకొచ్చి అమ్మిన మనిషే సాయంత్రం బాయిలర్ కోడి మాంసం కవర్లో కట్టించుకొని ఇంటికి పోతాడు. కందులదీ అదే కథ. కళ్లంలోనే అమ్మేస్తాం, ఎండాకాలం వచ్చేసరికి పప్పు కిరాణా కొట్లో కిలోల లెక్కన కొంటాం. పత్తి, మిరప పెరిగాక జొన్న సాళ్ల మధ్య వేసే కంది, బొబ్బర, గట్ల మీది అనుములు తగ్గాయి. వాటితోపాటే ఇంట్లో కండపుష్టీ తగ్గింది.

పట్నాల్లో కొందరు ‘మాక్రోబయోటిక్’ తిండి అంటుంటారు. జపాన్‌కు చెందిన జార్జ్ ఒసావా (1893-1966) ప్రచారం చేసిన పద్ధతి ఇది. పాలిష్ పట్టని గింజలు సగం, ఆ కాలంలో ఆ ఊళ్లో పండే కూరగాయలు, కాస్త పప్పు, ఎప్పుడన్నా చేప. మాంసం బహు అరుదు. మన పెద్దలు వింటే ‘జొన్న గటక, సామ అన్నం తిన్న మాకు ఇది కొత్తా?’ అంటారు. నిజమే గానీ, వాగులో చేప, పెరట్లో కోడి, అడవిలో వేట కూడా వాళ్లకు ఉండేవి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట నేరం. ఆ లోటును దేనితో పూడ్చాలన్నదే అసలు ప్రశ్న.

ఉత్త గింజలతో పూడదు. ఒసావా చెప్పిన కఠిన నియమం పట్టి గింజల మీదే ఉన్నవారిలో 1960లలో అమెరికాలో ప్రాణాలు పోయిన వారున్నారు. 1980లలో నెదర్లాండ్స్‌లో ఈ తిండి తిన్న కుటుంబాల పిల్లల్లో ఎదుగుదల తగ్గి, బి12 విటమిన్ లోపం బయటపడింది. బి12 పప్పుల్లో ఉండదు. పాలు, గుడ్డు, చేప, మాంసంలోనే దొరుకుతుంది. అందుకే అంగన్‌వాడీలో గర్భిణికి, బాలింతకు, పిల్లలకు ఇచ్చే గుడ్డు ఇంట్లో మగవాళ్ల కంచంలోకి పోకూడదు.

65 కిలోల మనిషికి రోజుకు సుమారు 54 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 300 గ్రాముల జొన్నల్లో 30 గ్రాముల దాకా వస్తాయి. 75 గ్రాముల కందిపప్పులో 16, ఒక గుడ్డులో 6. లెక్క దాదాపు సరిపోయింది, మాంసం ముక్క లేకుండానే. పైగా జొన్నలో తక్కువైన లైసిన్ కందిలో దండిగా ఉంటుంది. రెండూ కలిపి తింటేనే ఫలితం. జాతీయ పోషకాహార సంస్థ మూడు పాళ్ల గింజలకు ఒక పాలు పప్పు అంటుంది. మనం పప్పును నీళ్లలా కాచి, అన్నం మీద తడి చేసి వదిలేస్తున్నాం.

ఉలవల సంగతి ఇంకా చిత్రం. నూరు గ్రాముల్లో 22 గ్రాముల మాంసకృత్తులున్న గింజ ఇది. ఉడికించి గుగ్గిళ్లు ఎడ్లకు పెట్టి, కట్టుతో చారు కాచుకొని మనం తాగుతాం. రుచి మనకు, బలం ఎడ్లకు! ఎడ్లు లేని ఇళ్లలోనైనా గుగ్గిళ్లు పారేయకండి. ఉలవలను రాత్రి నానబెట్టి, మెత్తగా ఉడికించి ఉల్లి, ఎండుమిర్చి తాలింపు వేస్తే పిల్లలు తింటారు. పక్కన కాస్త ఉసిరి పచ్చడి ఉంటే గింజలోని ఇనుము బాగా ఒంటబడుతుంది. వానాకాలం చివర్లో మిగిలిన పదునుకే పండే పంట ఇది, అరెకరం చాలు.

కొట్లో దొరికే మీల్ మేకర్ సోయా పిండిదే. ఎండుగా ఉన్నప్పుడు నూటికి 50 దాకా మాంసకృత్తులుంటాయి. వేడినీళ్లలో నానబెట్టి, పిండి, మాంసం మసాలాతో వండుకోవచ్చు. పుట్టకొక్కులు, పచ్చి పనసకాయ కూర మాంసంలా ఉంటాయని మురిసిపోవడం మాత్రం తప్పు. రుచి అంతే, బలం నూటికి రెండు మూడు గ్రాములకు మించదు. తెలియని కొక్కు అసలే ముట్టొద్దు. సంతలో ఎండు చేపలు మంచివే. ఉప్పు పోయేలా వేడినీళ్లలో కడిగి వారానికి ఒకటి రెండుసార్లు పప్పులోనో వంకాయలోనో వేస్తే ఇంటిల్లిపాదికీ అందుతాయి.

మిగిలింది పెరటి కోడి. గుడ్ల కోసమైతే రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంచాలనాలయం తయారుచేసిన గ్రామప్రియ పెంచవచ్చు. అయితే దానికి పొదిగే గుణం తక్కువ. పిల్లలు కావాలంటే నాటు పెట్టే మేలు. ఎండాకాలం మొదట్లో కొక్కెర తెగులు వచ్చిందంటే గంపలకు గంపలు ఊడ్చుకుపోతుంది. పిల్లలకు 5-7 రోజుల వయసులో లసోటా చుక్క కంట్లోనో ముక్కులోనో వేయించాలి. ఎనిమిది వారాలకు ఆర్2బి సూది రెక్క కింద. ఒక సీసా మందు వంద కోళ్లకు, అంతకుమించి వస్తుంది. కలిపిన రెండు గంటల్లో వాడేయాలి, అందాకా ఐసు మీదే ఉండాలి. పది కోళ్లున్న ఒక్క ఇంటికి సీసా దండగ కాబట్టి వాడలో నాలుగైదు ఇళ్లవారు ఒక మాట అనుకొని, ముందురోజే పశువైద్యశాలలో చెప్పి, తెల్లారి కోళ్లను గంపల కింద నుంచి వదలకముందే వేయించుకోవాలి.