జిల్లా బోధనాసుపత్రులు – శస్త్రవైద్యుని కొత్త బాధ్యతలు

1959లో ఆరంభమైన కాకతీయ వైద్య కళాశాల, దాని అనుబంధ ఎం.జి.ఎం. ఆసుపత్రి దీర్ఘకాలం ఓరుగల్లు ప్రాంతపు శస్త్రవైద్య విద్యకు కేంద్రాలుగా నిలిచాయి. 2022లో మహబూబాబాద్‌లోనూ, 2023లో జనగామ, భూపాలపల్లిలలోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. దీంతో అక్కడి శస్త్రవైద్యుడు చికిత్సకుడే కాక బోధకుడు, పరిశోధకుడు, బృంద నాయకుడు కూడా కావలసి వచ్చింది.

జాతీయ వైద్య కమిషన్ 2022 నాటి నియమావళి బోధకుల పదోన్నతికి వైద్య విద్యాబోధన, పరిశోధన పద్ధతులలో ప్రాథమిక శిక్షణను నిర్దేశించింది. అయితే శిక్షణతోనే పరిశోధన సిద్ధించదు. దానికి మూలం రోగి కేస్ షీటు. ఉదాహరణకు, శస్త్రచికిత్స గాయానికి చీము పట్టడాన్ని సాధారణంగా ముప్పై రోజుల వరకు లెక్కిస్తారు. కుట్లు విప్పించుకొని తండాకో, గూడేనికో వెళ్లిన రోగిని ఆ తరువాత ఎవరూ విచారించకపోతే, రికార్డులో ఆ గాయం మానినట్లే మిగిలిపోతుంది. కనుక తెలుగులో, లంబాడీలో, కోయలో రోగిని అడిగి తెలుసుకోవడం కూడా పరిశోధన పద్ధతిలో భాగమే.

నాయకత్వం విషయమూ ఇటువంటిదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో వెలువరించిన శస్త్రచికిత్స భద్రతా పట్టిక ప్రకారం, కోతకు ముందు బృంద సభ్యులందరూ తమ పేరు, బాధ్యత చెప్పుకోవాలి. నర్సు సందేహం వెలిబుచ్చితే ఆగి వినగలగడమే అక్కడ నాయకత్వం.

శస్త్రవైద్యునికి పరిశోధనా సమయం, రికార్డు నిర్వహణకు సిబ్బంది, రోగి భాష తెలిసిన సహాయకులు అవసరం. అవి సమకూరనినాడు ఈ జిల్లాల రోగుల అనుభవం వైద్యవిజ్ఞానంలోకి చేరదు.