అబిడ్స్ ఫుట్‌పాత్‌లా ఫోన్ కుదిరేనా?

హైదరాబాద్‌లో ఆదివారం పొద్దున్నే కాచిగూడ నుంచి కోఠి మీదుగా అబిడ్స్‌కు నడిచి వెళ్తే, మూసిన షట్టర్ల ముందు ఫుట్‌పాత్ పొడవునా పాత పుస్తకాలే. కంప్యూటర్ పుస్తకాలు ఒక కుప్ప, పోటీ పరీక్షల గైడ్లు ఒక కుప్ప, నవలలు ఒక కుప్ప. కావలసిన కుప్ప ముందు గొంతుక్కూర్చుంటే పక్క కుప్ప మన మీదికి దొర్లిరాదు.

ఫోన్లో అలా కాదు. నేను హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్తాను. ఇస్రో ఏం పెట్టిందో చూద్దామని తెరిస్తే ముందు ఎవరిదో పెళ్లి వీడియో, తర్వాత క్రికెట్ గొడవ. ఏది పైకి రావాలో తేల్చే అల్గారిథమ్, మనం దేని దగ్గర ఆగుతామో గమనించి అలాంటివే ముందుకు తోస్తుంది. మన పాఠంతో, మన సమయంతో దానికి పనిలేదు. గ్రంథాలయ శాస్త్రానికి ఎస్.ఆర్.రంగనాథన్ 1931లో రాసిన ఐదు సూత్రాల్లో నాలుగోది పాఠకుడి సమయం కాపాడమంటుంది. ఈ వేసవి సెలవుల్లో ఆ కొలబద్ద పట్టుకునే కొన్ని సాధనాలు వాడి చూశాను.

ఎక్స్‌లో లిస్టులు అది ట్విటర్‌గా ఉన్నప్పుడే, 2009 నుంచీ ఉన్నాయి. శాస్త్ర సంస్థలన్నిటినీ ఒక లిస్టులో వేస్తే అక్కడ వాటి పోస్టులే కనిపిస్తాయి. టెలిగ్రామ్‌లో టీచర్ల గ్రూపుల్ని ఒక ఫోల్డర్లో పెట్టాను. వెతుకులాట తగ్గింది, ఫార్వర్డుల వరద తగ్గలేదు.

నాకు నిలిచింది పాత పద్ధతే, ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్. 1999లో నెట్‌స్కేప్ కంపెనీలో పుట్టింది. సైట్లో కొత్తది చేరగానే దాని శీర్షిక, లింకు, తేదీ ఒక చిన్న ఫైలుకెక్కుతాయి. ఫీడ్లీ, ఇనోరీడర్ లాంటి రీడర్లు ఆ ఫైళ్లన్నీ చూసొచ్చి మనం కోరిన వరసలో పేరుస్తాయి. యూట్యూబ్ ఛానళ్లకూ ఈ ఫీడ్ ఉంది. ఫేస్‌బుక్, ఎక్స్ మాత్రం ఎప్పుడో ఆ తలుపు మూసేశాయి, అదే పెద్ద లోటు.

మొదటిరోజు ఆశకొద్దీ అరవై రెండు సైట్లు చేర్చాను. నాలుగో రోజుకు చదవనివి నాలుగు వందలు దాటి, తెరవాలంటేనే బెరుకు పుట్టింది. రెండు వారాల్లో ఒక్కసారైనా పాఠానికి పనికిరానిదాన్ని తీసేస్తూ పోతే పదిహేడు మిగిలాయి. అప్పటినుంచి ఫలితం కనబడింది. పదో తరగతి ‘మానవుని కన్ను’ పాఠానికి సిద్ధమవుతుండగా అంగారకుడి మీద సూర్యాస్తమయాన్ని చూపే నాసా ఫొటో ఒకటి తగిలింది. మనకు సంధ్య ఎర్రన. అక్కడ సన్నటి ధూళి వల్ల అస్తమించే సూర్యుడి చుట్టూ నీలం. కాంతి పరిక్షేపణం చెప్పడానికి ఇంతకంటే మంచి ఫొటో నాకు ఇన్నేళ్లలో దొరకలేదు.

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. 2005లో వచ్చిన గూగుల్ రీడర్ ఎంతోమందికి అలవాటయ్యాక 2013 జులై 1న మూతపడింది. ఎక్స్ పోస్టుల్ని వరసలుగా పేర్చి చూపే ట్వీట్‌డెక్, ఒకప్పుడు ఉచితంగా దొరికినా, 2023లో డబ్బు కట్టేవాళ్లదైంది. ఏ రీడర్ మొదలుపెట్టినా, మీ ఫీడ్ల జాబితాను ఓపీఎంఎల్ అనే రకం ఫైలుగా బయటికి తీసుకోనిస్తుందో లేదో మొదటిరోజే చూసుకోండి. తీసుకోనిస్తే నెలకోసారి ఆ ఫైలు మీ దగ్గర దాచుకోండి.