మీకు తెలుసా? లైసెన్సు కోసం కంపైలర్‌నే మార్చేశారు!

ఫ్రీబీఎస్‌డీ ఆపరేటింగ్ సిస్టమ్ ఏళ్ల తరబడి జీసీసీ 4.2.1 అనే పాత కంపైలర్‌తోనే నెట్టుకొచ్చింది. 2007లో జీసీసీ, జీపీఎల్ మూడో వెర్షన్ లైసెన్సుకు మారడమే కారణం. ఆ లైసెన్సు షరతులు ఫ్రీబీఎస్‌డీ బృందానికి సమ్మతం కాలేదు. కానీ మూల్యం చిన్నది కాదు: కొత్త ప్రాసెసర్ల కోసం ఆ తర్వాత వచ్చిన ఆప్టిమైజేషన్లు చాలావరకు చేజారాయి.

దారి చూపింది ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఎల్‌ఎల్‌వీఎం అనే కంపైలర్ ప్రాజెక్టు. దానిపై నిర్మించిన క్లాంగ్, 2014 జనవరిలో విడుదలైన ఫ్రీబీఎస్‌డీ 10.0లో ఇంటెల్, ఏఎండీ యంత్రాలకు డిఫాల్ట్ కంపైలర్ అయింది. అక్కడ కంపైలర్‌ను పిలిచే ‘సీసీ’ ఆదేశం టైప్ చేస్తే నడిచేది క్లాంగే.

జీసీసీ, క్లాంగ్‌ల మధ్య పోటీలో అసలు లాభం ప్రోగ్రామర్లదేనని నా నమ్మకం. కోడ్‌లో తప్పు ఎక్కడుందో సరిగ్గా ఆ అక్షరం కిందే గుర్తు పెట్టి చూపడం క్లాంగ్ ప్రత్యేకత. 2013లో 4.8 వెర్షన్‌తో జీసీసీ కూడా ఆ పద్ధతికి వచ్చింది.