జీన్స్‌కు రంగు, బకెట్లకు లెక్క

అండమాన్‌లో వెలిసిన ప్యాంటును ఇంట్లో మళ్లీ రంగులోకి తేవాలంటే రంగు పొట్లం కన్నా ముందు క్యాలెండర్ చూడాలి

పోర్ట్ బ్లెయిర్‌లోని డైరీ ఫార్మ్‌లో జీన్స్ ప్యాంటుకు శత్రువులు ముగ్గురు. మే నుంచి డిసెంబరు దాకా వదలని వాన, ఆ తేమకు పట్టే బూజు మచ్చలు, వాటిని పోగొట్టాలని ఇంట్లోవాళ్లు గుమ్మరించే బ్లీచింగ్. మొదటి రెండూ ప్యాంటును పాతబరిస్తే మూడోది చంపేస్తుంది. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన ఈ ఊరికి బట్టలు సముద్రం దాటి ప్రధాన భూభాగం నుంచి రావలసిందే. అందుకే పారేసే ముందు ఒకసారి రంగు వేసి చూద్దామనుకోవడం పిసినారితనమేమీ కాదు.

నిజానికి వెలవడం జీన్స్ పుట్టుకలోనే ఉంది. నీలిమందు నీటిలో కరగదు. నూలు దారాన్ని తొట్టెలో ముంచి, గాలికి ఆరనిచ్చి, మళ్లీ మళ్లీ ముంచినా ఆ రంగు పైపొరకే అంటుకుంటుంది. లోపల దారం తెల్లగానే ఉంటుంది. ఉతికినప్పుడల్లా పైపొర అరిగి ఆ తెలుపు బయటపడుతుంది. రాపిడి ఎక్కువగా ఉండే మోకాళ్లు, తొడలు ముందు తెల్లబడేది అందుకే. ఒకప్పుడు ఈ రంగు కడప ప్రాంతపు పొలాల్లో పండేది. 1897లో జర్మనీకి చెందిన బీఏఎస్ఎఫ్ కృత్రిమ నీలిమందును మార్కెట్లోకి దించాక ఆ సాగు చితికిపోయింది.

తెలుగు ఇళ్లలో నీలిమందు అనగానే గుర్తొచ్చేది మాత్రం తెల్లచొక్కాలకు పెట్టే నీలం. పేరొక్కటే, పని వేరు. అది తెల్లబట్టల పసుపుదనాన్ని కప్పిపుచ్చుతుంది, అంతే. జీన్స్‌ను అందులో రాత్రంతా నానబెట్టినా రెండు ఉతుకులకే పోతుంది. వెనిగర్ పోస్తే రంగు నిలుస్తుందన్న మాట కూడా నూలు విషయంలో నమ్మదగింది కాదు.

నూలుకు ఇంట్లో వేయదగ్గ రంగులు రెండు రకాలు. ఒకటి, వేడినీళ్లలో ఉప్పుతో వేసేది. తేలిక, కానీ మళ్లీ త్వరగా వెలుస్తుంది. రెండోది, ఉప్పుతోపాటు వాషింగ్ సోడా అడిగేది. ఇది నూలుతో రసాయనికంగా కలిసిపోతుంది కాబట్టి ఎక్కువ కాలం ఉంటుంది. ఏదైనా సరే స్టీలు గిన్నె గానీ ప్లాస్టిక్ బకెట్ గానీ వాడాలి. సోడా అల్యూమినియాన్ని తినేస్తుంది. ఆ గిన్నెలో మళ్లీ వంట చేయకూడదు. సాగే రకం జీన్స్‌ను మరిగిస్తే సాగుడు పోతుంది. బ్లీచింగ్ మచ్చ ముదురు రంగు కిందా లేతగా కనబడుతూనే ఉండవచ్చు. పాలిస్టర్ దారంతో వేసిన నారింజ కుట్లకు రంగు పట్టదు. ప్యాంటు నల్లబడ్డా అవి అలాగే మెరుస్తాయి.

ఇంతవరకు ఎక్కడైనా ఒకటే. డైరీ ఫార్మ్‌లో అసలు చిక్కు నీళ్లు. 700 గ్రాముల ప్యాంటు ముడతలు పడకుండా, మరకలు కట్టకుండా రంగు పట్టాలంటే బరువుకు ఇరవై రెట్లు, అంటే 14 లీటర్ల నీళ్లు కావాలి. ముందు డిటర్జెంట్‌తో ఉతకడానికి, తర్వాత నీళ్లు తేటగా వచ్చేదాకా జాడించడానికి కలిపితే మరో ఐదారు బకెట్లు. ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురిసే ఊరికి ఇదొక లెక్కా అనిపిస్తుంది. కానీ ఊరి దాహం తీర్చే ధనికరి డ్యామ్ మార్చి, ఏప్రిల్ నాటికి అడుగంటుతుంది, కొళాయిలకు వంతులు వస్తాయి. తాగునీళ్లు పట్టుకోవడానికే ఆరాటపడే ఇంట్లో ప్యాంటు కోసం ఐదు బకెట్లు అడగడానికి ఏ కుర్రాడికైనా ధైర్యం చాలదు.

పోనీ వానాకాలంలో వేద్దామా? నీళ్లకు కొదవ లేదు. కాకపోతే మందపాటి ప్యాంటు రోజుల తరబడి ఆరదు. రంగుతోపాటు బూజు వాసన, కొత్త మచ్చలు వస్తాయి.

మిగిలింది డిసెంబరు చివర, జనవరి. వానలు తెరిపిచ్చి ఉంటాయి, డ్యామ్‌లో నీళ్లుంటాయి, గాలి పొడిబారుతుంది. రంగు వేసిన బట్టను ఎలాగూ నీడలోనే, తిరగేసి ఆరబెట్టాలి కాబట్టి మండే ఎండ అక్కర్లేదు. పక్కింటివాళ్ల ప్యాంటునూ కలుపుకుని ఒకరి తర్వాత ఒకరిది అదే రంగునీళ్లలో ముంచితే కొంత ఆదా. రెండోది కాస్త లేతగా వస్తుంది, ఎవరిది ముందన్నది ఇళ్లవాళ్లే తేల్చుకోవాలి. జాడించిన ఆఖరి నీళ్లు మరుగుదొడ్డికి పనికొస్తాయి. మొదటి మూడు నాలుగు ఉతుకులు మాత్రం ప్యాంటును విడిగా వేయాలి, ముఖ్యంగా బడికెళ్లే పిల్లల తెల్లచొక్కాలు ఇంట్లో ఉంటే.