టికెట్టు కొన్నాక లేచి రావడమెందుకు?

వరికోతలు అయిపోయాయి. కూలి డబ్బులు చేతికొచ్చాయి. ఊళ్లో ఎనిమిదిమంది ఆడవాళ్లు ఒక ఆటో మాట్లాడుకుని పట్నంలో ఫస్ట్ షోకు బయలుదేరారు. వాళ్లలో ఒక అత్తా కోడలూ ఉన్నారు. కోడలి చంకలో రెండేళ్ల పిల్ల.

సినిమా మొదలయింది. వెనక వరసలో ఇద్దరు మగవాళ్లు కూర్చున్నారు. బాగా తాగి ఉన్నారు. ఒకడు ముందు కుర్చీ మీద కాళ్లు పెట్టాడు. ఆ కుర్చీలో ఉన్నది అత్త. రెండోవాడు బీడీ వెలిగించాడు. కాసేపటికి కోడల్ని చూసి పిచ్చి కూతలు మొదలుపెట్టారు. హాలు నిండా జనం ఉన్నారు. ఒక్కరూ నోరు మెదపలేదు. ఇంటర్వెల్లో ఎనిమిదిమందీ లేచి వచ్చేశారు.

టికెట్టు డబ్బులు పోయాయి. ఆటో డబ్బులు పోయాయి. తాగినవాళ్లు మాత్రం సినిమా చివరిదాకా చూశారు.

"ఇంక సినిమా వద్దు, గినిమా వద్దు. ఇంట్లో టీవీ ఉందిగా!" అంది అత్త.

ఇలా అనుకుని సినిమా హాలు ముఖం చూడని ఆడవాళ్లు మన ఊళ్లలో చాలామంది ఉన్నారు. అల్లరి చేసినవాళ్లు కూర్చుని ఉంటే, చేయనివాళ్లు లేచి రావడమేమిటి? ఆ రోజు వాళ్లు ఏం చేసి ఉండవచ్చు?

సంబరం వేరు, అల్లరి వేరు

మన హాళ్లలో ఈలలు, చప్పట్లు కొత్త కాదు. హీరో తెర మీదికి రాగానే కాగితం ముక్కలు ఎగురుతాయి. పాట వస్తే కుర్రాళ్లు లేచి చిందేస్తారు. మొదటి రోజు మొదటి ఆటకు పోయి "గోల చేయకండి" అంటే ఎవరూ వినరు. వాళ్లు ఆ సంబరం కోసమే వచ్చారు మరి. నెమ్మదిగా చూడాలనుకునేవాళ్లు వారం రోజులు ఆగి పగటి ఆటకు పోతే మేలు. టికెట్టు కూడా తేలిగ్గా దొరుకుతుంది.

ఇంకొన్ని చిన్న చిన్న ఇబ్బందులు ఉంటాయి. ఒకరు ఫోనులో గట్టిగా మాట్లాడతారు. ఇంకొకరు తర్వాత ఏం జరుగుతుందో ముందే చెప్పేస్తుంటారు. వీళ్లలో ఎక్కువమందికి తాము పక్కవాళ్లను విసిగిస్తున్నామని తెలియనే తెలియదు. "బుద్ధి లేదా?" అని మొదలుపెడితే తగాదా అవుతుంది. "తమ్ముడూ, ఫోను వెలుతురు కళ్లలో పడుతోంది, కాస్త ఆపుతావా?" అంటే చాలాసార్లు పని అయిపోతుంది. మన పిల్ల ఏడిస్తే మనమూ కాసేపు బయట తిప్పి తీసుకురావాలి. ఎదుటివాళ్లూ టికెట్టు కొనుక్కున్నవాళ్లే కదా!

సీటు దగ్గర తగాదాలు కూడా మామూలే. టికెట్టు మీద వరస అక్షరం, సీటు నంబరు ఉంటాయి. అక్షరం రాని రోజుల్లో గేటు మనిషి టార్చిలైటు ఎక్కడ చూపిస్తే అక్కడ కూర్చునేవాళ్లు. ఇప్పుడు ఎవరి నంబరు వాళ్లు చదువుకోవచ్చు. మన సీట్లో వేరేవాళ్లు కూర్చుంటే టికెట్టు చూపించి అడగాలి. వాళ్లకు చదవడం రాదేమో, చిన్నబుచ్చకూడదు.

మాట విననివాళ్లతో ఎలా?

తాగినవాడితో వాదన పెట్టుకోకూడదు. చీకట్లో కొట్లాట మొదలైతే దెబ్బలు తగిలేది ఎవరికో తెలియదు. మనలో ఇద్దరు లేచి బయటికి పోవాలి. గేటు మనిషికి చెప్పాలి. అతను పట్టించుకోకపోతే మేనేజరు దగ్గరికి పోవాలి. "ఎవరో అల్లరి చేస్తున్నారు" అంటే చాలదు. ఏ వరస, ఏ నంబరు సీటు అన్నది చెప్పాలి. వాళ్లను బయటికి పంపమని అడగాలి. మనం ఆయన దగ్గర సాయం అడుక్కోవడం లేదు. హాలును సరిగా నడిపించడం ఆయన పని.

సినిమా హాలు నడపాలంటే ప్రభుత్వం ఇచ్చే లైసెన్సు కావాలి. దానికి 1955లో చేసిన చట్టం ఉంది. లైసెన్సుకు మాట వస్తుందంటే యజమానికి భయం ఉంటుంది. అందుకే టికెట్టు ముక్క పారేయకూడదు. మేనేజరు కదలకపోతే తేదీ, ఆట, సీటు నంబరు రాసి అర్జీ పెట్టవచ్చు. సోమవారం కలెక్టరు ఆఫీసులో అర్జీలు తీసుకుంటారు.

బీడీ, సిగరెట్టు సంగతి మరీ తేలిక. 2008 అక్టోబరు 2 నుంచి దేశమంతటా సినిమా హాళ్ల వంటి చోట్ల పొగ తాగడం నిషేధం. తాగితే 200 రూపాయల దాకా జరిమానా. హాలులో "పొగ తాగరాదు" అని బోర్డు ఉండాలి. ఫిర్యాదు ఎవరికి చేయాలో వాళ్ల పేరు కూడా రాసి పెట్టాలి. హాలులోకి పోగానే ఆ పేరు చదివి గుర్తుపెట్టుకుంటే, పొగ వచ్చినప్పుడు ఎవర్ని అడగాలో వెతుక్కునే పని ఉండదు.

ఆడవాళ్లను చూసి పిచ్చి కూతలు కూయడం మాత్రం చిన్న విషయం కాదు. చాలామంది దీన్ని "సినిమా హాలన్నాక ఇలాగే ఉంటుంది" అని కొట్టిపారేస్తారు. చట్టం అలా అనుకోదు. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది. అందులో 79వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్లను అవమానించే మాటకు, సైగకు మూడేళ్ల దాకా జైలు, జరిమానా పడవచ్చు. మర్యాదకు భంగం కలిగించేలా చేయి వేస్తే 74వ సెక్షన్. దానికి ఒక ఏడాది నుంచి అయిదేళ్ల దాకా జైలు. తాగి వచ్చి నలుగురిలో గొడవ చేసినా శిక్ష ఉంది. పోలీసులను పిలవడానికి 112కు ఫోను చేయాలి. హాలు పేరు, ఊరు పేరు చెప్పాలి. తెలంగాణలో 2014 నుంచి షీ టీములు కూడా ఉన్నాయి.

అప్పుడు మాత్రం లేవాలి

ఒక్క విషయంలో మాత్రం కూర్చోకుండా లేవాలి. అది నిప్పు. అభిమానం పేరుతో కొందరు హాలులోనే హారతులు ఇస్తారు. టపాకాయలు కాలుస్తారు. 2022 అక్టోబరులో తాడేపల్లిగూడెంలో పాత సినిమా మళ్లీ వేసినప్పుడు ఇలాగే టపాకాయలు కాల్చారు. సీట్లు అంటుకున్నాయి. జనం బయటికి పరుగు తీశారు.

ఢిల్లీలో 1997 జూన్ 13న ఉపహార్ సినిమా హాలులో మంటలు వచ్చాయి. పొగ బాల్కనీని కమ్మేసింది. బయటికి పోయే దారికి అడ్డంగా అదనపు సీట్లు వేసి ఉన్నాయి. 59 మంది చనిపోయారు. ఎక్కువమంది ప్రాణం తీసింది మంట కాదు, పొగ.

జనం తోసుకోవడం కూడా నిప్పంత ప్రమాదమే. 2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాదులో "పుష్ప 2" ప్రీమియర్ ఆట దగ్గర తొక్కిసలాట జరిగింది. ఒక తల్లి చనిపోయింది. ఆమె కొడుక్కి ప్రాణం మీదికి వచ్చింది.

కాబట్టి కూర్చునే ముందే బయటికి దారి ఎటు ఉందో చూసుకోవాలి. తలుపుల పైన వెలిగే అక్షరాలు అందుకే. గొళ్లెం వేసి ఉంటే తీయమని అప్పుడే అడగాలి. ఎవరైనా నిప్పు వెలిగిస్తే పిల్లల్ని ఎత్తుకుని, తోసుకోకుండా బయటికి వచ్చేయాలి. హాలువాళ్లకు చెప్పాలి. మంటలకు ఫైరింజను నంబరు 101, లేదా 112.

సంక్రాంతికి ఆ ఎనిమిదిమందీ మళ్లీ సినిమాకు పోయారు. అత్తను ఒప్పించేసరికి కోడలికి తల ప్రాణం తోకకొచ్చింది. ఈసారి కూడా వెనక సీట్లో ఒకడు కూతలు మొదలుపెట్టాడు. కోడలు పిల్లను అత్త ఒళ్లో పెట్టింది. వాడి సీటు నంబరు చూసుకుంది. ఇంకో ఆమెను వెంటబెట్టుకుని మేనేజరు దగ్గరికి పోయింది.

"మీరు వేరే సీట్లో కూర్చోండమ్మా" అన్నాడు మేనేజరు.

"మేమెందుకు మారాలి బాబూ? వాణ్ని పంపండి. లేకపోతే 112కు ఫోను చేస్తాం."

గేటు మనిషి టార్చిలైటు వేసుకుని వచ్చాడు. వెలుగు మొహం మీద పడగానే వాడు లేచాడు. గొణుక్కుంటూ బయటికి పోయాడు. అత్త సినిమా ఆఖరిదాకా చూసింది. పిల్ల మాత్రం మొత్తం నిద్రపోయింది.