కెమెరాకు ఎటువంటి పెట్టె కావాలె?



సంక్రాంతి సెలవులకు ఇండ్లకు పోయేటప్పుడు మా జట్టుకు సైన్సు సారు తన కెమెరా ఇస్తానన్నారు. మా ఊర్లల్ల ఉన్న ముసలివాళ్ల ఫొటోలు తీసి, కింద పేర్లు రాసి తేవాలె. ఐతే సారు ఒక షరతు పెట్టారు. "పెట్టె సంగతి తేల్చినంకనే కెమెరా" అన్నారు. ఆ షరతుకు కారణం నేనే.

పోయిన వానాకాలం టూరులో కెమెరా నా దగ్గర ఉండె. వాన పడ్డది. తడిసిన కెమెరాను పైపైన తుడిచి, బిగుతు మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టిన. భద్రంగా ఉన్నదనుకున్న. రెండు నెలల తర్వాత తీసి చూస్తే లెన్సు లోపల సాలెగూడు పోగుల లాగ బూజు పట్టింది. సారు పట్నం తీసుకపోయి శుభ్రం చేయించినరు. నన్ను ఒక్క మాట అనలేదు. తిడితేనే నయమనిపించింది. అప్పటి నుండి అడిగి, చదివి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

కెమెరాకు నలుగురు శత్రువులు: దెబ్బ, నీళ్లు, దుమ్ము, తేమ. పెట్టె ఈ నలుగురినీ ఆపాలె.

1. ముందు కొలత. కెమెరా, లెన్సు, ఛార్జర్ బల్ల మీద పరిచి కొలవాలె. పెట్టె పెద్దగుంటే లోపల సామాను కొట్టుకుంటది. చిన్నగుంటే కుక్కినట్టు అయి లెన్సు మీద బరువు పడుతది.

2. పైన గట్టి, లోపల మెత్త. మా అవ్వ కోడిగుడ్లను గంపలో గడ్డి వేసి సంతకు తెస్తది. గంప దెబ్బ ఆపుతది, గడ్డి అదురు ఆపుతది. కెమెరా పెట్టెలో గడ్డి పని ఫోమ్ చేస్తది. అడుగున, పక్కల, మూతకు కూడా ఫోమ్ ఉండాలె. కెమెరాకు, లెన్సుకు నడుమ అడ్డం ఉండాలె. పాత పరుపు ఫోమ్ పొడి రాలుతది, కాబట్టి గుడ్డ కుట్టి పెట్టాలె.

3. నీళ్లు, దుమ్ము. కొన్ని పెట్టెల మీద ఐపీ 67 అని ఉంటది. 6 అంటే దుమ్ము లోపలికి పోదు. 7 అంటే ఒక మీటరు లోతు నీళ్లలో 30 నిమిషాలు ఉన్నా పాడు కాదు. అమెరికాలో 1976లో మొదలైన పెలికాన్ కంపెనీ పెట్టెలు ఇటువంటి గట్టి రకానికి పేరుపొందినవి. కాని అవి బరువు, ఖరీదు కూడా ఎక్కువే.

4. తేమ. నా తప్పు ఇక్కడనే జరిగింది. బిగుతు డబ్బా బయటి నీళ్లను బయటనే ఆపుతది, లోపలి తడిని లోపలనే ఆపుతది. అందుకని కెమెరా పూర్తిగా ఆరినంకనే మూత వెయ్యాలె. కొత్త బూట్ల డబ్బాలల్ల వచ్చే సిలికా జెల్ పొట్లాలు రెండు మూడు లోపల వేస్తే తేమను పీల్చుకుంటయి. తోలు సంచిలో లెన్సును చాలా రోజులు దాచకూడదు. తోలు తేమను పట్టి ఉంచుతది.

5. మోసే తీరు. తుక్కుగూడ క్రాస్ రోడ్డు దగ్గర శ్రీశైలం బస్సెక్కి నేను మన్ననూరులో దిగాలె. అక్కడి నుండి అడవిలోకి జీపు, తర్వాత నడక. చేతిలో గట్టి పెట్టెతో గుట్ట ఎక్కలేము. రెండు భుజాలకు తగిలే సంచి అయితే చేతులు ఖాళీగ ఉంటయి. సంచి మీద కెమెరా కంపెనీ పేరు లేకుంటే ఇంకా మంచిది, దొంగ కన్ను పడదు.

శంషాబాద్ నుండి విమానాలు పోతుంటే మనం చూస్తనే ఉన్నం. విమానం ఎక్కేవాళ్లు కెమెరాను చేతి సామానులోనే పెట్టుకుంటే మంచిది. విడి లిథియం బ్యాటరీలను మాత్రం చెక్-ఇన్ సామానులో వెయ్యనే కూడదు. అంటుకుంటే అక్కడ ఆర్పేవాళ్లు ఉండరు.

మేము పరీక్ష కూడా చేసినం. ఫోమ్ పెట్టిన సంచిలో పచ్చి గుడ్డు పెట్టి మోకాలెత్తు నుండి జారవిడిచినం. మొదటిసారి పగిలింది, అడుగున ఫోమ్ తక్కువైంది. ఇంకో పొర వేసినంక పగలలేదు. సంచిలో ఎండిన కాగితం పెట్టి పైన చెంబుతో నీళ్లు పోసినం. జిప్పు దగ్గర కాగితం తడిసింది. అందుకని సంచిని ప్లాస్టిక్ కవరులో పెట్టి మూతి కడుతున్నం.

ఇంత ఆరాటం ఎందుకని కొందరు నవ్వుతున్నరు. చెప్తాను. 1940లో హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు పండితుడు, ఆయన భార్య బెట్టీ నల్లమలకు వచ్చి మా చెంచుల మధ్య ఉన్నరు. 1943లో చెంచుల మీద పుస్తకం వచ్చింది. ఆయన తీసిన ఫొటోలు లండన్‌లోని సోయాస్ అనే విద్యాసంస్థలో భద్రంగ ఉన్నయి. మా చెంచుల ఫొటోలు లండన్‌లో ఉన్నయి గాని, మా తాత ఫొటో మా ఇంట్ల ఒక్కటి లేదు. ఆయన పోయిండు. అవ్వ ఉన్నది.

కాబట్టి మా జట్టు ఖరీదైన పెట్టె అడుగుతలేదు. ఫోమ్ కుట్టిన భుజాల సంచి, సిలికా పొట్లాలు, ప్లాస్టిక్ కవరు చాలు. వార్డెన్ మేడమ్ గారికి ఒక్క మనవి. సెలవుల తర్వాత ఆ సంచిని స్టోర్ రూము నేల మీద కాక, ఆఫీసు బీరువా పై అరలో పెట్టనియ్యండి. నేల చెమ్మగ ఉంటది.

ఈసారి కెమెరా ఎట్ల పోయిందో అట్లనే తిరిగి తెస్తాను.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని